కవర్లో ఇమడని జమ్మి

నర్సరీ పనికి కొత్తగా వచ్చే ఆడపిల్లలు మొట్టమొదట అడిగేది చేతి తొడుగుల గురించి. ఇస్తారా అని. ఇస్తారు. వానలు పడ్డాక పెద్ద సార్లు ఫొటోలకు వచ్చే రోజున ఇస్తారు. మర్నాటికి అవి ఎక్కడ ఉంటాయో ఎవరికీ తెలియదు. ఎర్రమట్టి, ఇసుక, పెంట ఎరువు కలిపి నల్లకవర్లలో నింపీ నింపీ నా వేళ్ల సందులు పగిలాయి. ఇప్పటికీ చింతపులుసు పిసికితే మండుతాయి. ఈ పని ముందు చేతులను తింటుంది, తర్వాత నడుమును, ఆఖరుకు మోకాళ్లను. తెలిసి రండి.

నేను మూడో తరగతి దాకా చదివాను. మా ఊరు దేవరయాంజాల్ దాటాక వస్తుంది. శామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే దారిలో ఉన్న ఒక సర్కారు నర్సరీలో తొంభైల మొదట్లో చేరి, మోకాళ్లు ఇగ వద్దనేదాకా చేశాను. నా ఈడు ఆడవాళ్లు చాలామంది జీడిమెట్ల కంపెనీలకు పోయారు. సాయంత్రం బస్సు దిగితే వాళ్ల చీరలు మందుల వాసన కొట్టేవి. నాకు ఆ వాసన పడలేదు, మట్టి పడింది. అంతకు మించి పెద్ద ఆలోచనేమీ చేయలేదు.

ఎవరు ఎప్పుడు మేస్త్రి అయ్యారు, పర్మినెంట్ కావడానికి ఎవరి పేరు పైకి పోయింది, ఎవరిది పోలేదు, అవన్నీ రాస్తే నాకే విసుగు. ఒక్క చెట్టు సంగతి రాస్తాను. ఎన్నో రకాల మొక్కలు ఈ చేతుల మీదుగా పోయాయి. పని నేర్పింది మాత్రం పెరగనని మొండికేసిన జమ్మి.

పనంటే ఏమిటంటే

ఎండాకాలం ముందు కవర్లు నింపడం, గింజలు వేయడం. రెండు పూటలా నీళ్లు. వానలు పడగానే లారీలు వస్తాయి, మొక్కలు పోతాయి. చూడడానికి ఇంతే. మధ్యలో ఒక పని ఉంది, కొత్తవాళ్లకు అదే అర్థం కాదు. కవర్లు జరపడం.

కవరు అడుగున చిల్లు ఉంటుంది. వేరు ఊరుకోదు, ఆ చిల్లులోంచి దిగి కింది నేలను పట్టుకుంటుంది. అట్లా పట్టుకున్న మొక్కను లారీ ఎక్కించే రోజున లాగితే పుటుక్కున తెగి చస్తుంది. అందుకని అప్పుడప్పుడూ కవర్లన్నీ లేపి, దిగిన వేళ్లను కత్తిరించి, పక్క వరసలోకి జరపాలి. కానుగ, వేప, గుల్మొహర్ రెండు రోజులు తలకాయ వాల్చి మళ్లీ లేస్తాయి. పసిపిల్ల పాలు మానినట్టు.

ఇంత చేసి పంపిన మొక్కలు ఏమయ్యేవో చెప్పనా? రోడ్డు పక్క గుంతలో పెట్టేవాళ్లు. ఫొటో దిగేవాళ్లు. దసరా నాటికి కర్ర మిగిలేది. మరుసటేడు అదే గుంతకు మళ్లీ మా దగ్గరి నుంచే మొక్క. మా ఎల్లయ్య మేస్త్రి బీడీ ముట్టించుకుని అనేవాడు:

"మనం మొక్కలు పెంచుతలేం బాలమణీ. గుంతలకు మేత పెడుతున్నం."

మొదట్లో నవ్వేదాన్ని. తర్వాత తర్వాత నవ్వు రావడం మానేసింది.

అప్పటి మా సార్ ప్రభాకర్ సార్. చెడ్డవాడని అనను. ఆడవాళ్లను గట్టిగా ఒక్క మాట అనలేదు, ఎండ మండుతుంటే నీడకు పొమ్మనేవాడు. కానీ ఆయనకు అన్నీ ఒక్క తీరుగా ఉండాలి. మడిలో మొక్కలన్నీ ఒక్క ఎత్తు ఉండాలి, తనిఖీకి వచ్చిన కంటికి చాప పరిచినట్టు కనబడాలి. అన్ని కవర్లూ ఒక్కలాగే జరపాలి. చెట్టుకొక గుణం ఉంటుందని ఆయనకు తెలియక కాదు, దానికి టైం లేదు. నేను చూసిన సార్లలో ఎక్కువమంది ఇట్లాంటి మంచివాళ్లే.

అవ్వ చెప్పిన జమ్మి

మా అవ్వ గొర్లు కాసేది. చెట్ల గురించి ఆమె చెప్పిందంతా గొర్రె కడుపు వైపు నుంచే చెప్పేది. ఎండలు ముదిరి, చేన్లన్నీ బోడిగా ఉన్నప్పుడు జమ్మి కొత్త ఆకు వేస్తుంది. వానలు పడేదాకా ఆగదు. దాని కాయలు ఎండి రాలితే గొర్లు, మేకలు వెతుక్కుని తింటాయి. మంద పడుకున్న చోట పెంటలోంచి మొలిచిన జమ్మి, చేత్తో వేసిన దానికంటే గట్టిదని అవ్వ మాట. కొమ్మల మీద గుండ్రటి గడ్డలు ఉంటాయి, చిన్నప్పుడు కాయలనుకుని తెంపేవాళ్లం. "కాయ కాదే, పురుగు కట్టుకున్న ఇల్లు. ఇల్లు కూల్చకు," అనేది.

పాండవుల కత తెలిసిందే. అజ్ఞాతవాసం పోతూ ఆయుధాలను మూటగట్టి, పీనుగలాగా జమ్మికి వేలాడదీశారు. అన్ని చెట్లుండగా జమ్మే ఎందుకని నేను అడిగాను.

"జమ్మికి కడుపు లోతు," అంది అవ్వ. "పైన మూరెడు, కింద ఊరెడు. ఏది చెప్పినా లోపటికి దిగుతది గని బయటికి రాదు. గందుకే దాని దగ్గర దాచిండ్రు."

దసరా నాడు పాలపిట్టను చూసి, జమ్మికి పోయి, పేర్లు రాసిన కాగితం కొమ్మకు కట్టి, ఆకు తెంపుకుంటాం. ఆ ఆకే బంగారం. పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతాం, సమానమైన వాళ్లను కావలించుకుంటాం. ఏడాది పొడుగునా పొలం గెట్టు కోసం కొట్టుకున్నవాళ్లు కూడా ఆ రోజు చెయ్యి చాపితే బంగారం తీసుకోవాల్సిందే. కాదన్నవాడిని నేను నా బతుకులో ఒక్కడినే చూశాను.

డోజర్ వచ్చిన ఏడు

మా ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములు ఉండేవాళ్లు. పెద్దాయన నర్సిరెడ్డి, చిన్నాయన యాదిరెడ్డి. ఊరంతా పెద్ద పటేల్, చిన్న పటేల్ అనేవాళ్లు. భూములు పంచుకున్నప్పుడు ఊరి జమ్మి ఉన్న మెట్ట చెలక చిన్న పటేల్ భాగానికి వచ్చింది. తొంభైలు అయిపోతుండగా కొంపల్లి నుంచి ఇటు భూములన్నీ ప్లాట్లు అవుతుంటే ఆయనా ఇచ్చేశాడు. జమ్మిని వదిలేస్తామని లేఅవుట్ వాళ్లు నోటిమాట చెప్పారు. నోటిమాట మీద డోజర్ నడిచింది.

ఆ పూట నేను నర్సరీకి పోలేదు, ఊళ్లోనే ఉన్నాను. డోజర్ నడిపే ఆయన ముందు దిగి చెట్టుకు దండం పెట్టి, తర్వాత ఎక్కాడు. చెట్టు ఒరిగింది కానీ వేరు రాలేదు. తవ్వారు, ఇంకా తవ్వారు. వేరు కిందికి పోతూనే ఉంది. ఆఖరుకు కోసేసి మట్టి కప్పారు. మరుసటి ఎండాకాలం ఆ పక్కనే మొలక లేచింది. అక్కడ ఇల్లు కట్టుకున్నాయన పిల్లలకు ముల్లు గుచ్చుకుంటుందని పీకించాడు. మళ్లీ లేచింది. ఈసారి తారు పోశారు.

ఆ దసరాకు ఎక్కడి నుంచో జమ్మికొమ్మ కొట్టుకొచ్చి ఊరి నడుమ బొడ్రాయి దగ్గర గుంత తీసి పాతారు. చెట్టు లేని ఊళ్లన్నీ ఇప్పుడు అట్లాగే చేస్తున్నాయి. పూజ అయ్యాక చిన్న పటేల్ ఆకు పట్టుకుని అన్న ముందుకు పోయి వంగాడు. పెద్ద పటేల్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"సచ్చిన కొమ్మ బంగారం నాకొద్దు. నిలబడ్డ చెట్టు ఆకు తే, తీసుకుంట. గంతదాంక నువ్వెవలో, నేనెవలో."

డప్పులు ఆగిపోయాయి. చిన్న పటేల్ చేతిలోని ఆకు ఏం చేయాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి అన్నదమ్ముల మధ్య మాట లేదు. పెద్ద పటేల్ ఇంట్లో పెండ్లయితే తమ్ముడు చివరి బంతిలో కూర్చుని తిని వచ్చాడు.

చిన్న పటేల్ నర్సరీకి వచ్చాడు

"బాలమణీ, మీ నర్సరీల జమ్మి ఉందా?"

"ఉన్నది పటేలా. గని జానెడే ఉన్నది."

"జానెడా? ఎప్పుడు పెట్టిర్రు?"

"పోయినేడు."

"పోయినేడు పెడితె జానెడేంది? దానికి అన్నం పెడుతలేరా?"

ఉన్నమాట చెప్పాలంటే మా జమ్మి మడి నర్సరీకే సిగ్గుచేటుగా ఉండేది. ప్రభాకర్ సార్ దాన్ని గుల్మొహర్ల వెనక పెట్టించాడు, తనిఖీ వాళ్లకు కనబడకుండా. చిన్న పటేల్ ఆ మొక్కలను చూసి, తల అడ్డంగా ఊపి, మోటారు సైకిల్ ఎక్కి వెళ్లిపోయాడు. ఆయనకు వచ్చే దసరాకల్లా అన్న ముందు నిలబెట్టే చెట్టు కావాలి.

పేట్ బషీరాబాద్ దాటాక రోడ్డు పక్కన ఎవరో మొక్కలు అమ్ముతుంటే అక్కడ మనిషెత్తు జమ్మి దొరికింది. ట్రాక్టర్ మీద, డప్పులతో, గులాలు చల్లుకుంటూ తెచ్చారు. బొడ్రాయి దగ్గర నాటి కొబ్బరికాయ కొట్టారు. నేను సాయంత్రం పని దిగి వచ్చి చూశాను. ఆకు చూస్తే జమ్మిలాగే ఉంది. ముల్లు చూశాను. ఆకు మొదట్లో ఇటొకటి అటొకటి, జంటగా, పొడుగ్గా ఉన్నాయి. జమ్మి ముల్లు అట్లా ఉండదు. పొట్టిగా, అడుగున వెడల్పుగా, కొమ్మ మీద ఇష్టమొచ్చిన చోట ఒంటరిగా ఉంటుంది.  అందరూ కుంకుమ పెడుతున్నారు, నేను ఏమని చెప్పను? రెండు వానలు పడేసరికి అదే చెప్పింది. కొమ్మలు నాలుగు వైపులా పాకి దారికి అడ్డం వచ్చాయి. అంత జల్దీ ఎదిగితే అది జమ్మి కాదు.

సర్కారు తుమ్మ. నీళ్లు తీసిన చెరువు శిఖంలో, రైలు పట్టాల పక్కన ఎవరూ పెట్టకుండా మొలిచేది.

అమ్మినవాడు మోసం చేశాడని ఊరంతా అన్నారు. నేను అట్లా అనుకోను. ఆ రెండూ ఒక్క వంశమే, చిన్నప్పుడు ఆకు చూసి మోసపోనివాళ్లు తక్కువ. వాడికీ తెలిసి ఉండదు. కానీ పెద్ద పటేల్ హోటల్ ముందు బల్ల మీద కూర్చుని చాయ్ తాగుతూ, ఎవరికో చెబుతున్నట్టు గట్టిగా అన్నాడు:

"సూసినవా? ఊరి జమ్మిని అమ్ముకొని సర్కారు తుమ్మకు దండం పెట్టించిండు. వచ్చే దసరాకు తుమ్మకాయలు ప్రసాదం పంచుతడట, గిన్నె తెచ్చుకో."

అందరూ నవ్వారు. చిన్న పటేల్ అక్కడే, పాన్ డబ్బా దగ్గరే ఉన్నాడు. నవ్వినవాళ్లలో నేను లేనని చెప్పలేను. మాట అట్లా ఉంది మరి.

చుట్ట

మర్నాడు చిన్న పటేల్ మళ్లీ మా నర్సరీకి వచ్చాడు. ఈసారి జానెడు మొక్కే చాలన్నాడు. ఇచ్చాను. ఎండింది. ఇంకోటి ఇచ్చాను. అదీ ఎండింది. నీళ్లు పోయలేదా అంటే, తెల్లారి పోస్తున్నా, సాయంత్రం పోస్తున్నా అని ఒట్టు పెట్టాడు.

రెండోసారి చచ్చిన మొక్కను ఆయన పీకి తెచ్చి నా ముందు పడేశాడు. కోపంతో కాదు, అలిసిపోయి. ఎల్లయ్య మేస్త్రి దాని మట్టి రాల్చి చూశాడు. నన్ను పిలిచాడు. వేరు కవరు ఆకారంలోనే, అడుగున చుట్టుకుని చుట్టుకుని, కుండ కింద పెట్టే చుట్టకుదురులాగా ఉంది. మేము కవరు జరిపినప్పుడల్లా కత్తిరించిన చోట మొద్దు కట్టి, అక్కడి నుంచి మళ్లీ కిందికి దిగుదామని చూసి, మళ్లీ తెగి ఉంది. విప్పి పట్టుకుంటే పైన జానెడు మొక్కకు నా భుజం దాకా వేరు.

"గిది మొక్క కాదు బాలమణీ," అన్నాడు ఎల్లయ్య. "వేరుకు ఆకు మొలిచింది."

అప్పుడు అవ్వ మాట గుర్తొచ్చింది. పైన మూరెడు, కింద ఊరెడు. ఆమె కత కోసం చెప్పిందనుకున్నాను ఇన్నాళ్లూ. జమ్మి ముందు కిందికి పోతుంది. నీళ్లు అందాయని నమ్మకం కుదిరాక పైకి చూస్తుంది. మేము దాన్ని కవర్లో పెట్టి, కిందికి పోతే కత్తిరించి, పైకి రాలేదని తిట్టాం.

ఇందులో ఒకరి తప్పు లేదు. కానుగకు మంచిదైన పద్ధతి జమ్మికి ఉరితాడు. ప్రభాకర్ సార్‌కు చెబితే శ్రద్ధగా విన్నాడు, నిజమే అన్నాడు. "కానీ బాలమణీ, జరపని కవర్లు నేనెట్లా చూపించాలి?" అని ఊరుకున్నాడు. తర్వాతి ఏడు జమ్మి మడే తీసేశారు. గుల్మొహర్లు పెంచాం. ఎర్రగా పూస్తాయి, అందరికీ ఇష్టం.

గింజ

"మొక్క మోసుకపోవుడు బంద్ చెయ్ పటేలా," అన్నాను. "గింజ తీస్కపోదం. యాడ చెట్టు గావాల్నో ఆడనే ఏద్దం. ఇగ దాన్ని ఎవ్వరు కదిలియ్యొద్దు."

"గింజ ఏస్తే ఎన్నాళ్లకు ఎదగాలె?"

"నేనేం చెప్పుదు? దాని ఇష్టం."

ఊరి తొవ్వ పక్కన ఆయనకు ఇంకా కొంచెం భూమి మిగిలి ఉంది. దాని మూలకు గడ్డపారతో లోతుగా గుల్ల చేయించాను. గింజ మీది తోలు గట్టిది, మేక కడుపులో పడితే మెత్తబడుతుంది. మేక లేకపోతే వేడినీళ్లు. మా ఇంటి పొయ్యి మీద నీళ్లు మరుగుతుంటే ఆయన గుమ్మంలో నిలబడి భయపడ్డాడు.

"ఉడకపెడుతున్నవా ఏంది?"

"దించినంక ఏస్త పటేలా. పప్పు జేస్తలేను."

తెల్లారి ఉబ్బిన గింజలు ఏరి వేశాం. నాలుగు మొలిచాయి, ఒకటి నిలబడింది. చుట్టూ ముళ్లకంప కావాలి కదా, బొడ్రాయి దగ్గరి సర్కారు తుమ్మను కొట్టించి, ఆ కొమ్మలే కంచె వేయించాను. దండాలు పెట్టించుకున్నందుకు అదైనా చేయాలి.

ఆ దసరాకు ఊరు అక్కడికి పోయింది. ముళ్లకంపలోకి వంగి చూస్తే వేలంత మొలక. కొట్టుకొచ్చిన కొమ్మను ఎప్పటిలాగే పక్కన పాతారు. మా మరిది లింగడు నోరు ఊరుకోడు.

"పటేలా, దీని చుట్టు తిరిగి మొక్కాల్నా, బోర్ల పండి మొక్కాల్నా?"

చిన్న పటేల్ కూడా నవ్వాడు. ఆయన నవ్వగా చూసి చాలా కాలమైంది. మనిషెత్తు అయ్యేదాకా ఆ మొలకను ఎవ్వరూ ముట్టుకోవద్దని, అప్పటిదాకా కొమ్మ ఆకే తీసుకోవాలని అక్కడే అనుకున్నారు. పెద్ద పటేల్ రాలేదు.

తర్వాత ఏండ్లు గడిచాయి. వాటి గురించి చెప్పడానికి ఏమీ లేదు. నేను కవర్లు నింపాను, సార్లు మారారు, రోడ్లు వెడల్పయి మేము పంపిన చెట్లనే మళ్లీ కొట్టారు. ఎల్లయ్య మేస్త్రి పని మానేశాడు. జమ్మి రెండేండ్లు మొలకగానే ఉండి, మూడో ఎండాకాలం, అన్నీ మాడుతున్నప్పుడు, గుప్పున ఆకు వేసింది. పనికి పోతూ వస్తూ చూసుకునేదాన్ని. నర్సరీలో నేను పెంచినవి లారీ ఎక్కాక మళ్లీ కంటికి కనబడలేదు. ఇదొక్కటే ఉన్నచోట ఉంది.

పెద్ద పటేల్ కూడా రోజూ ఆ తొవ్వనే పొలానికి పోయేవాడు. కంచె వైపు తల తిప్పేవాడు కాదు. ఒకసారి మాత్రం మేకలు మేపే మల్లమ్మను ఆపి అన్నాడు, నేను వెనకే వస్తున్నాను:

"గా కంప దిక్కు నీ మేకలు పోయినయంటే కాళ్లు ఇరగ్గొడ్త. మేకలయి కాదు, నీయి."

ఒక్క ఆకు

నేను పని మానేయడానికి కొంచెం ముందు పెద్ద పటేల్ జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మంచం దిగలేదు. తిండి తగ్గింది. దవాఖాన వాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. దసరా వచ్చింది. పొద్దున్నే చిన్న పటేల్ మా వాకిట్లోకి వచ్చాడు.

"బాలమణీ, ఒక్క ఆకు తెంపితె చెట్టుకు ఏమన్నయితదా?"

అది అప్పటికి నా నడుము దాకా వచ్చింది. మనిషెత్తుకు ఇంకా చాలా ఉంది.

"చెట్టుకేం గాదు. ఊరోళ్లు ఏమంటరో."

"ఊరోళ్లకు ఎప్పుడన్న చెప్పుకుంట. అన్నకు చెప్పుకునే టైం లేదు." వెళ్లబోతూ వెనక్కి తిరిగాడు, "నువ్వు గూడ రా. నేనొక్కన్నే తీస్కపోతే తుమ్మాకు అంటడు."

కంప తీసి లోపలికి పోయి, చెట్టుకు దండం పెట్టి, కింది కొమ్మ నుంచి ఒక్క ఆకు తెంపాడు. దాన్ని రెండు చేతుల్లో, నీళ్లు పట్టుకున్నట్టు పట్టుకుని నడిచాడు. అన్న గడప తొక్కి ఎన్నేండ్లయిందో, తలుపు దగ్గర కాళ్లు ఆగిపోయాయి. నేనే ముందు పోయాను.

పెద్ద పటేల్ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆ మనిషి మంచంలో సగమే ఉన్నాడు. తమ్ముడు పోయి ఆకును ఆయన అరచేతిలో పెట్టి, కాళ్ల దగ్గర నిలబడ్డాడు. ఆయన బొటనవేలితో ఆకును అటూ ఇటూ తిప్పాడు. తమ్ముడిని చూడలేదు, నన్ను చూశాడు.

"బాలమణీ, గిది జమ్మేనా? మల్ల తుమ్మనా?"

"జమ్మే పెద్ద పటేలా. గింజ నా చేతులతోని ఏసిన."

"తొవ్వ పక్క దానిదేనా?"

"దానిదే."

"ఎంతైంది ఇప్పుడు?"

"నా నడుమంత."

  ఆయన మెడ కష్టంగా ఇటు తిప్పి తమ్ముడి ముఖం చూశాడు.

"నడుము దాటలేదు, దాని ఆకు ఎట్ల తెంప బుద్ధయిందిరా నీకు? ఇంక పసిది గాదు?"

 చిన్న పటేల్ బడి పిల్లవాడిలాగా అన్నాడు:

"నువ్వే అడిగినవ్ గదనే అన్నా."

"నేను అడిగితె తెంపుతవా? నేను లక్ష అడుగుత. నీకు అక్కల్ లేదా? తెంపిన కాడ కొమ్మ చీరిందా సూసినవా? కంప మల్ల పెట్టినవా, తెర్సిపెట్టి ఉరికొచ్చినవా?"

కంప తెరిచే ఉంది. మా ఇద్దరికీ అప్పుడు గుర్తొచ్చింది. నేను పెడతానని చెప్పి బయటికి వచ్చి చెప్పులు వేసుకున్నాను. వీధి చివరి దాకా పోయినా, లోపల పెద్ద పటేల్ ఇంకా తిడుతూనే ఉన్నాడు.